అక్కకేసిన కొసరు

మొన్న శొంఠి కొందామని బజారుకు పోయిన. దుకాణపాయన తూకమేసి, పొట్లం కట్టబోయి, నా మొకం చూసి నవ్వుకుంట ఇంకో పిడికెడు పైన పోసిండు. "తీస్కో అక్కా, కొసరు" అన్నడు. వేరేటోళ్ళైతే సంబురపడేటోళ్ళు. నేను గయ్యిమన్న. "మందు సరుకుకు కొసరేందయ్యా? తీసెయ్యి, మొత్తం తీసెయ్యి" అన్న. పాపం ఆయన బిత్తరపోయి, పోసిన పిడికెడు వాపస్ సంచిల వేసుకున్నడు. రిక్షా ఎక్కి కూసున్నంక గాని నాకు తెల్వలే, ఆ మాట నాది కాదని. అది సేటు మాట. సేటు పోయి రెండేండ్లాయె, నా నోట్లకెంచి మాత్రం ఇంకా పోలే.

పేరు చెప్ప. ఆయన దుకాణం మీద గూడ పేరు లేకుండె. వరంగల్ చౌరస్తా కాన్నుంచి జర లోపటికి పోతే బట్టల దుకాండ్ల నడుమ ఇరుక్కోని ఉండేది. ముంగట గోనె సంచులు, ఎనుక గోడ నిండ రేకు డబ్బాలు. కరక్కాయ, పిప్పళ్ళు, వస, అతిమధురం, నేలవేము, ఏది కావాల్నంటే అది. మనిషి సన్నగ, పొడుగ్గ, తెల్ల ధోతి. కండ్లద్దాలకు ఒక దిక్కు కాడ ఇరిగితే దారం కట్టి చెవుకు చుట్టుకునేటోడు. దారం మైల పడితే కొత్త దారం కట్టిండు గాని అద్దాలు మాత్రం మార్చలే. అందరు సేటు అనేటోళ్ళు, నేను గూడ సేటే అన్న.

సరుకు ఏదొచ్చినా ముందుగాల చిటికెడు నాలిక మీదేసుకునుడు ఆయన అలవాటు. కండ్లు మూసుకోని, దవడలు అటు ఇటు ఆడిచ్చి, "ఊఁ, ఇది పరకాల దిక్కుది. వానకు ముందే పీకిండ్రు" అనేటోడు. నిజమో అబద్ధమో తెచ్చినోనికే తెల్వాలె. దాంతోని ఆయన నాలికకు రోజుకో రంగు. "ఏం సేటూ, ఇయ్యాల ఏం రంగు?" అని అడుగుతే సిగ్గు లేకుంట చాపి చూపెట్టేటోడు. తను నోట్లేసుకోనిది ఇంకొకరికి అమ్మద్దని ఆయన పట్టు.

ఇంకో పట్టు, అడుగుడు. ఆయన దగ్గర తులం కరక్కాయ కొనాల్నంటే మూడు తరాలు చెప్పాలె. ఒకసారి నా ముంగటనే కేసముద్రం పత్తి వ్యాపారి ఒకాయన వచ్చిండు. మెడల గొలుసు, వేళ్ళకు ఉంగరాలు.

"బలానికేమన్న ఇయ్యి సేటూ. పైసల ఫికర్ చెయ్యకు" అన్నడు.

"పొద్దుగాల ఏం తింటివి?"

"పూరీలు."

"ఎన్ని?"

"లెక్కవెట్టలే."

"మార్కెట్టుకు ఎట్ల పోతవు?"

"జీపు మీద."

"రేపటి సంది నాలుగు పూరీలు తిని, నడిచి పో. నెల దినాలకు బలం రాకపోతే అప్పుడు రా" అని, డబ్బా మూత గూడ తియ్యలే. ఆయన మొకం మాడ్చుకోని పోయిండు. "వచ్చిన బేరాన్ని ఎళ్ళగొడితివేంది?" అని నేనంటే, "ఆయనకు రోగం లేదు, జీపున్నది" అన్నడు.

అన్నిటికంటె పెద్ద పట్టు కొసరు. మా దిక్కు బేరమంటే కొసరు లేంది తెగది. కూరగాయలకు కొసరు, బియ్యానికి కొసరు, ఆఖరికి మల్లెపూలకు గూడ మూరెడు మీద ఇంత కొసరు. సేటు దగ్గర మాత్రం తరాజు ముల్లు నడుమ నిలవడాలె, అంతే. "బియ్యం దుకాణంల అడుగు, ఇస్తరు. ఇక్కడ అడగకు తల్లీ, ఇది మందు" అనేటోడు. ఆడోళ్ళు పిసినిగొట్టని తిట్టుకుంట పోయేటోళ్ళు.

నేను అప్పుడు హన్మకొండల ఒక డాక్టరు సాబ్ దవాఖాన మీది అంతస్తుల రక్తపరీక్షలు చేస్తాంటి. ఒక్క అర్ర, ఒక సూక్ష్మదర్శిని, రంగు కొలిచే మిషను ఒకటి, గాజు సిరంజీలు ఉడకవెట్టే గిన్నె. నాకు నోరు జర ఎక్కువ. దవాఖానకొచ్చేటోళ్ళు సూదికి ఎంత భయపడేటోళ్ళో నాకు అంతే భయపడేటోళ్ళు. సేటుతోని మొదటి జగడం దగ్గు కాడ. దగ్గొస్తాందని అతిమధురం అడుగుతే, ఎప్పటి సంది, కఫం పడ్తాందా, నిన్న ఏం తింటివి అని మొదలువెట్టిండు.

"పోలీస్ ఠాణల నిలవెట్టినట్టు అడుగుతవేంది సేటూ?" అన్న.

"నువ్వు సూది గుచ్చేముందు పరగడుపేనా అని అడగవా?"

"అడుగుత."

"మరి నేనెందుకు అడగొద్దు సూదులమ్మా?"

నాకు నవ్వొచ్చింది. అప్పటి సంది నేను సూదులమ్మనైన. వాళ్ళింటి పెండ్లి పత్రిక మీద గూడ నా పేరు అట్లనే రాసి పంపిండు మహానుభావుడు.

ఇంతమందికి ఇన్ని చేదులు తినిపిచ్చినోనికి సూదంటే మాత్రం పానం మీదికొచ్చేది. ఆయన అక్కను పట్టుకోని నా దగ్గరికి వచ్చినప్పుడల్లా, మెట్ల కాడ గోడ దిక్కు మొకం పెట్టి నిలవడేటోడు. "అయిపోయిందా? అయిపోయిందా?" అని ఆడికెంచే అడుగుడు.

అక్క ముచ్చట చెప్పాలె. సేటుకు తల్లి చిన్నప్పుడే పోతే సాదింది ఆమెనే. స్టేషన్ ఘన్‌పూర్ల ఇచ్చిండ్రు, పెనిమిటి పోయినంక తమ్ముడు తెచ్చి ఇంట్ల పెట్టుకున్నడు. పొట్టి మనిషి, గుండ్రటి బొట్టు, నవ్వు మాత్రం బజారంత. ఆమెకు రొమ్ముల గడ్డ లేసింది. హైదరాబాదుల పెద్ద దవాఖానల తీసేసిండ్రు. అది క్యాన్సరు, ఆపరేషన్‌తోని అయిపోది, నెలకోసారి వచ్చి నరానికి మందు ఎక్కిచ్చుకోవాలె అన్నరు. రైలెక్కే రెండ్రోజుల ముంగట నా దగ్గర రక్తం పరీక్ష. నేనిచ్చే కాయిదం బాగుంటేనే ఆడ మందు ఎక్కిచ్చేది. అంటే ఆమె పానం నెలకోసారి నా చేతుల మీదికెంచి పోయేదన్నట్టు. నాకు అప్పుడు ఇరవై ఆరేండ్లు. పైకి నోరు చేసేదాన్ని గాని లోపట దడ.

ఆమెకు నరం దొరకకపోయేది. రెండు మూడు సార్లు గుచ్చాల్సొచ్చేది. నాకు పాపమనిపిస్తే ఆమెనే నన్ను సముదాయిచ్చేది. "తియ్యి బిడ్డా, నిమ్మళంగ తియ్యి. తూకంల తక్కువైతే మా తమ్ముడు లొల్లి వెడ్తడు" అని మెట్ల దిక్కు చూసి నవ్వేది.

నాలుగు నెలలు మంచిగ నడిచింది. ఐదో నెల కార్జం, అదే లివరు, పరీక్షల తేడా వచ్చింది. నలభై దాటొద్దు, డెబ్బై చిల్లర వచ్చింది. నా చెయ్యే తప్పిందేమో అని మల్ల చేసిన. సీసాలు కడుగుడు సరిగ లేదేమో అని కడిగి మల్ల చేసిన. ఆఖరికి నా రక్తమే తీసి పక్కన పెట్టి రెండు ఒక్కసారే చేసిన. నాది మంచిగున్నది, ఆమెదే ఎక్కువ. మరుసటి నెల నూట ముప్పై.

హైదరాబాదుల సూది ఆపిండ్రు. సేటు ఆ కాయిదం తెచ్చి నా బల్ల మీద పెట్టిండు. జబ్బు కార్జానికి పాకినట్టుంది, ఇట్ల ఉండంగ మందు ఎక్కియ్యలేం, నెల దినాలు చూసి మల్ల పరీక్ష చేయించుండ్రి, దిగకపోతే ఇంట్లనే ఉంచి మంచిగ చూసుకోండ్రి అని. సేటు నిలవడే ఉన్నడు. చెవుకున్న దారం ఊడి వేలాడుతాంది, సవరిచ్చుకునే సోయి గూడ లేదు. 

"సేటూ, ఈ కాయిదంల సగం ముచ్చటే ఉన్నది. ఈ పరీక్ష కార్జానికి దెబ్బ తాకిందని చెప్తది గాని కొట్టిందెవరో చెప్పది. అక్కకు నువ్వేమన్న తినవెడ్తాన్నవా?" అని అడిగిన.

"ఏం తినవెడ్త? మా తాత పొడి. గడ్డలకు ఇచ్చేది. ఏడు సరుకులు. దాంతోనే ఇన్ని రోజులు నిలవడ్డది."

"ఎప్పటి సంది?"

"రెండు నెలలాయె."

నేను లెక్కవెట్టిన. రెండు నెలలు. నంబర్లు ఎక్కింది గూడ రెండు నెలల సందే. "ఆ పొడి బంద్ పెట్టు" అన్న.

ఇంక చూడాలె లొల్లి. కింద డాక్టరు సాబ్ గూడ మెట్లెక్కి వచ్చిండు. తాత చెయ్యి, నూరేండ్ల సంది నడుస్తాన్న పొడి, ఊర్లకు ఊర్లు బాగైనయి, నిన్నగాక మొన్నొచ్చిన గాజు బుడ్లతోని నువ్వు నాకు చెప్తవా అని ఒక్కటే అరుసుడు. నేను తక్కువ తిన్ననా? "నీ నూరేండ్లు నాకొద్దు సేటూ, ఒక్క నెల ఇయ్యి" అని నేను గూడ అరిసిన. దిగ్గున లేసి పోయిండు.

తెల్లారి తాళం తీద్దామని వచ్చేసరికి మెట్ల మీద కూసోని ఉన్నడు. అంగీ చేతులు మీదికి మడిచిండు.

"పరగడుపున వచ్చిన. నా రక్తం తియ్యి" అన్నడు.

"నీకేమైంది?"

"ఏం కాలే. ఇయ్యాల్టి సంది అక్క తిన్నంత పొడి నేను తింట. వారం వారం వచ్చి రక్తమిస్త. నా నంబరు కదలకపోతే నువ్వు నా దుకాణం ముంగట నిలవడి తప్పైందని చెప్పాలె."

"పిచ్చి లేసిందా? కార్జం ఖరాబైతదయ్యా!"

"ఆ మాట అనకు. మేం తినం" అని చెవులు మూసుకున్నడు. ఆయనకు కార్జమంటే మేక కార్జమే యాదికొచ్చేది.

ఎంత చెప్పినా వినలే. ఆఖరికి నేనే ఒక షరతు పెట్టిన. నువ్వు తినుడు నీ ఖర్మ, అక్కకు మాత్రం ఇయ్యాల్టి సంది చిటికెడు గూడ పెట్టొద్దు. సరే అన్నడు. రబ్బరు గొట్టం కట్టంగనే కండ్లు గట్టిగ మూసుకోని, దుకాణంల సరుకుల ధరలన్నీ వరుసగ చదువుడు షురూ చేసిండు. పిప్పళ్ళ కాడికొచ్చేసరికి మనిషి పక్కకు ఒరిగిండు. నీళ్ళు చల్లి లేపితే, "ఎంతల ఉన్న?" అని అడిగి, అక్కడికెంచి మల్ల చదివిండు.

మూడు వారాలు అక్కా తమ్ముడు ఇద్దరు రక్తమిచ్చిండ్రు. అక్కకు ఆయన సంగతి తెల్వది. ఆమె ఇచ్చి కిందికి దిగినంక, ఏదో మర్చిపోయినట్టు ఆయన ఎక్కొచ్చేటోడు. మొదటి వారం ఆమెది జర దిగింది, ఆయనది జర ఎక్కింది. రెండో వారం ఆమెది ఇంకా దిగింది, ఆయనది నలభై దాటింది. తరాజుల ఒక పల్లెం లేస్తాంటే ఇంకో పల్లెం దిగినట్టే. చాలు ఆపు సేటూ అన్న. ఇంకొక్క వారం అన్నడు. "అక్కకు పొడి ఎందుకు బంద్ పెట్టినవో చెప్పినవా?" అని అడిగితే, "చెప్తలే" అని మెట్లు దిగిండు. నాకు అర్థమైంది. తాత పొడిది తప్పని నోటితోని అనుడు ఆయనకు సూది కంటె కష్టం.

మూడో వారం అక్క ఒక్కతే వచ్చింది. రక్తమిచ్చి, సంచిలకెంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి నా ఒళ్ళ పెట్టింది.

"ఇదేందక్కా?"

"నువ్వు కట్టుకో బిడ్డా. నా పెండ్లినాటిది. ఇంక నేనెప్పుడు కడ్తా?"

"అట్లెందుకు అంటవు? నీ నంబర్లు దిగుతానయి. వచ్చే వారం హైదరాబాదు పోవాలె నువ్వు."

"నేను పోను" అన్నది. నవ్వుకుంటనే అన్నది. "పెద్ద డాక్టరు సూది ఆపిండు. ఆయన పరాయోడు, ఆపితే ఆపిండు. తమ్ముడు గూడ పొడి బంద్ పెట్టిండు. ఎందుకురా అంటే మొకం తిప్పుకుంటాండు. వాడే ఇడిసిపెట్టినంక ఇంకేమున్నదే? ఈ రక్తం గూడ నువ్వు బాధపడ్తవని ఇస్తాన్న."

 చెప్పేద్దామని నాలిక చివరి దాక వచ్చింది. అది నేను చెప్పాల్సిన మాట కాదని పండ్లు బిగవట్టుకున్న. ఆమె పోయినంక పరీక్ష చేసిన. అరవై రెండు. నూట ముప్పై కాన్నుంచి అరవై రెండు! సంబురానికి అర్రంత తిరిగిన. ఆమె కంటె ముందే పొద్దుగాల వచ్చి సేటు ఇచ్చిపోయిన రక్తం గూడ చేసిన. ఆయనది తొంభై ఎనిమిది. రెండు కాయిదాలు పట్టుకోని, చీర ఇంట్ల పడేసి, రిక్షా కట్టుకోని వరంగల్ ఉరికిన.

సేటు గల్లా ముంగట చెంపకు చెయ్యి పెట్టుకోని కూసున్నడు. మొకం పీక్కపోయింది. రెండు రోజుల సంది ముద్ద దిగుతలేదంట, వాసన చూస్తేనే కడుపుల తిప్పుతాందంట. కాయిదాలు రెండు పక్కపక్కన పెట్టుకోని చూసిండు. దారం సవరిచ్చుకోని మల్ల చూసిండు.

"ఏడు సరుకులల్ల ఏది చేసిందంటవు?" అన్నడు మెల్లగ.

"నాకు తెల్వదు సేటూ." ఇప్పటికి గూడ తెల్వదు.

ఆయన లేసి పై డబ్బా ఎనకకెంచి పాత పుస్తకమొకటి తీసిండు. చెదలు తిన్నది. వేలు పెట్టి చదివిండు. "మూడు వేళ్ళ చిటికెడు. పొద్దుగాల ఒక్కసారి. ఏడు దినాలు. అంతకు మించి వద్దు." పుస్తకం మూసిండు. "తాత తప్పు లేదు సూదులమ్మా. నేను చెంచెడు చెంచెడు పెట్టిన, మూడు పూటల, రెండు నెలలు. అక్క గదా, జర ఎక్కువేస్తే జర జల్ది బాగైతదనుకున్న. ఊరందరికి వద్దన్న కొసరు మా అక్కకేసిన" అని కొంగుతోని ఏడ్చే ఆడమనిషి లెక్క ధోతి అంచు మొకానికి అడ్డం పెట్టుకున్నడు.

నాకు గూడ ఏడుపొచ్చింది. కానీ టైము లేకుండె. "లే సేటూ. అక్క నాకు పెండ్లి చీర ఇచ్చిపోయింది. నువ్వు ఇడిసిపెట్టినవనుకుంటాంది. హైదరాబాదు పోనంటాంది" అన్న.

 తరాజు అట్లనే, గల్లా అట్లనే, దుకాణం తెరిచి పెట్టి లేసిండు. ఎనకనే ఇల్లు. అక్క గచ్చు మీద కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తాంది.

"అక్కా, పొడి ఎందుకు బంద్ పెట్టిన్నంటే..."

"తెలుసులేరా. చెప్పకు. నువ్వు మాత్రం ఏం చేస్తవు?"

"నీకు తెల్వది! జబ్బు కాదే అక్కా. నేను. నా పొడే నీ కార్జాన్ని పాడు చేసింది. జబ్బు ఆడికి పోలే. నేనే..." అని ఇంక ఆగిపోయిండు.

అక్క నా దిక్కు చూసింది. "నిజమేనక్కా. పొడి ఆపినంక మూడు వారాల్ల సగానికి దిగింది. జబ్బే అయితే ఊకనే అట్ల దిగేది కాదు. నీకు మల్ల సూది ఎక్కిస్తరు" అన్న.

"మరి వీని మొకమేంది అట్లున్నది?"

చెప్పిన. నీకు పెట్టినంత పొడి తనుగూడ తిన్నడని, వారం వారం రక్తమిచ్చిండని, పిప్పళ్ళ కాడ పడిపోయిండని, అంతా చెప్పిన. అక్క చేతుల ఉన్న చిక్కుడుకాయలు తీసి తమ్ముని మీద ఇసిరికొట్టింది.

"ఓరి నీ పాడుగాను! తింటే కడుపుల దేవింది గదరా నీకు గూడ?"

"నీకు దేవిందా?" సేటు తలకాయ ఎత్తిండు. "రెండు నెలలు దేవిందా? ఒక్కసారి చెప్పవైతివి?"

"ఏమని చెప్పాలె? పొద్దున్నే లేసి కల్వంల నూరి, చెంచా పట్టుకోని నా ముంగట నిలవడితివి. నేను మింగి మంచిగున్నదిరా అనేదాక కదలకపోతివి. వద్దంటే నీ మొకం చిన్నగైతదని మింగిన."

"నా మొకం కోసమని పానం తీసుకుంటవానే?"

"మరి నువ్వు తీసుకోలేదా నా కోసమని? ఒక్క తల్లి కడుపుల పుట్టినం, ఇద్దరికి బుద్ధి లేదు" అన్నది. అని నవ్వింది, ఆ బజారంత నవ్వు. నవ్వుతాంటేనే కండ్లల్ల నీళ్ళు కారినయి. సేటు ఆమె కాళ్ళ కాడ కూలవడి, కిందవడ్డ చిక్కుడుకాయలు ఒక్కొక్కటే ఏరుకుంట ఏడ్చిండు. నేను దర్వాజ పట్టుకోని ఇద్దరినీ తిట్టుకుంట ఏడ్చిన.

జరసేపటికి అక్క ముక్కు చీది, కొంగు దులుపుకోని లేసింది.

"సూదులమ్మా, హైదరాబాదు బండి పొద్దుగాల ఎన్నింటికి?"

చెప్పిన.

"అయితే నా చీర వాపస్ ఇయ్యి బిడ్డా. ఏమనుకోకు, అదే కట్టుకోని పోత."

ఇచ్చిన చీర వాపస్ అడుగుతే ఎవరికైనా ముల్లు గుచ్చినట్టుంటది. నేను మాత్రం ఇంట్లకెంచి చీర తెద్దామని రిక్షా దొరికేదాక గూడ ఆగలే, చౌరస్తా దాక ఉరికిన. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు రైలెక్కినా ఆ చీరనే కట్టింది. అంచు పోగులు లేసి, కుట్టు నిలవక, ఇంక కట్టరాదనేదాక కట్టి కట్టి చింపుకున్నది.